కాశీం సాబ్ బరువు

1988 వానాకాలం. నల్గొండ జిల్లాలోని ఒక సర్కారు దవాఖానలో ఛాతీ వార్డు స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. పద్దెనిమిది మంచాల వార్డు, ఎప్పుడు చూసినా ఇరవై ఇద్దరికి తక్కువ కాకుండా పేషెంట్లు. తలుపు పక్కనే బరువు చూసే పాత ఇనుప మిషన్ ఒకటి ఉండేది. ఎక్కితే కిర్రుమనేది, దిగితే ఇంకోసారి కిర్రుమనేది. ప్రతి సోమవారం పొద్దున్నే పేషెంట్లందరినీ దాని మీద నిలబెట్టి బరువులు రాయడం నా పని.

ఆ పని నాకు ఇష్టం కూడా. చిన్నప్పటి నుంచి నాకు కొలతల పిచ్చి. పెళ్లిలో మా ఆయన కన్నా నేను అంగుళన్నర పొడుగని తేలింది కూడా నేను టేపు పెట్టి కొలవబట్టే. ఛాతీ వార్డుల్లో బరువంటే మాకు గొప్ప గురి. టీబీ పేషెంటుకు మందు పడుతోందా లేదా అంటే ఎక్స్‌రే కన్నా ముందు బరువే చెప్పేది. రెండు కిలోలు పెరిగాడంటే వార్డులో మిఠాయి పంచినంత పని చేసేవాళ్లం. దాంతో బరువు పెరగడమే బాగుపడటం అని నా బుర్రలో గట్టిగా నాటుకుపోయింది. ఆ బుర్రను సరిచేసినవాడు కాశీం సాబ్.

నార్కట్‌పల్లి అడ్డరోడ్డు దగ్గర అతనికి పరుపుల దుకాణం ఉండేది. దూది ఏకి పరుపులు, బొంతలు, లారీ డ్రైవర్లకు సీటు దిండ్లు కుట్టేవాడు. ముప్పై నాలుగేళ్ల మనిషి. రిక్షాలోంచి భార్య సైదాబీ దింపుకొని వచ్చినప్పుడు అతనికి యాభై దాటాయనుకున్నాను. మిషన్ ఎక్కిస్తే ముప్పై ఎనిమిది కిలోలు. దగ్గితే గిన్నెడు కఫం, దాంట్లో రక్తం. అప్పటికే రెండు చోట్ల టీబీ అని మందులు వాడారట. మా ల్యాబులో మూడుసార్లు చూసినా టీబీ క్రిమి లేదు.

మా డాక్టరు గారు బ్రాంకియెక్టాసిస్ అని తేల్చారు. ఊపిరితిత్తిలో గాలి వెళ్లే గొట్టాలు ఒకచోట వదులైపోయి, సంచుల్లా సాగి, కఫం అక్కడే నిలవ ఉండి కుళ్లుతుంది. పక్కనున్న రక్తనాళం తెగితే నోటి వెంట రక్తం. కాశీంకు ఎడమ ఊపిరితిత్తి కింది భాగం మొత్తం అలా పాడైంది. మిగతాదంతా బాగానే ఉంది. ఆ పాడైన ముక్కను కోసి తీసేస్తే మనిషి బతుకుతాడు. దాన్ని లోబెక్టమీ అంటారు. అది హైదరాబాద్‌లోనే చేస్తారు. తియ్యకపోతే ఏదో ఒక రోజు పెద్ద నాళం తెగి, ఆ రక్తం ఊపిరికి అడ్డం పడి నిమిషాల్లో పోతాడు.

కాగితాలు పట్టుకొని ఆలుమగలు హైదరాబాద్ వెళ్లి వచ్చారు. అక్కడి సర్జన్ గారు ఒక చీటీ రాసి పంపారు. "ఈ ఒంటితో టేబుల్ ఎక్కిస్తే దిగడు. ముందు మనిషిని తయారు చెయ్యండి. కనీసం నలభై ఐదు కిలోలు ఉండాలి. మూడు నెలల తరువాత చూస్తాను."

ఆ చీటీని నేను సైదాబీకి రెండుసార్లు చదివి వినిపించాను. తరువాత నా తెలివినంతా జోడించి చెప్పాను.

"ఇను పిల్లా. నలభై ఐదు కావాలె. ఆయన్ను మంచం దిగనియ్యకు. నడిస్తె తిన్నదంత అరిగిపోతది. కూసోవెట్టి తినవెట్టు. సమజైందా?"

"గట్లనే నర్సమ్మా. కాలు కిందవెట్టనియ్య" అంది సైదాబీ. చెంగుతో కళ్లు తుడుచుకొని అప్పటికప్పుడే నడుం కట్టినంత పని చేసింది.

ప్రతి రెండో సోమవారం కాశీంను రిక్షాలో తెచ్చేది. తెచ్చిన ప్రతిసారీ మిషన్ ఎక్కించేదాన్ని. మొదటిసారి ముప్పావు కిలో పెరిగాడు. రెండోసారి ఏమీ పెరగలేదు. మూడోసారి ఏకంగా రెండు కిలోలు ఎక్కాడు. నాకు సంతోషం కన్నా అనుమానం ఎక్కువైంది.

"ఏం తిన్నవ్ తమ్మీ, గింత పెరిగినవ్?"

"ఏమున్నది నర్సమ్మా, గంజి తాగిన" అన్నాడు, పైకప్పు వంక చూస్తూ.

"గంజిల ఇనుము కలుపుకున్నవా?" అని లాల్చీ జేబు తట్టాను. టంగుమంది. కుడి జేబులో కిలో రాయి, ఎడమ జేబులో అరకిలో రాయి. దుకాణంలో దూది తూచే ఇనుప తూకం రాళ్లు. వార్డంతా గొల్లున నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

"రేపు కత్తి వెట్టెటోల్లు నిన్ను గోస్తరా, గీ రాళ్లను గోస్తరా? ఎవల్ని మోసం జేస్తున్నవ్?"

కాశీం తల వంచుకున్నాడు. మెల్లగా అన్నాడు. "నలభై ఐదు కాకుంటె కొయ్యరంట గద నర్సమ్మా. మల్లొకసారి గా రక్తం వస్తె నేనుండ. నాకు గది ఫికరు."

ఆ మాటకు నా కోపం దిగిపోయింది. రాళ్లు మాత్రం ఇవ్వలేదు. "ఆపరేషనైనంక వచ్చి తీస్కపో" అని నా టేబుల్ సొరుగులో పడేశాను.

ఆ తరువాత బరువు నిజంగానే పెరిగింది. నలభై, నలభై రెండు, నలభై నాలుగు. మూడు నెలలు దాటేసరికి నలభై ఆరు. మొహం గుండ్రమైంది, చెంపలు నున్నగా వచ్చాయి, పొట్ట ముందుకొచ్చింది. మా ఆయాలు దిష్టి తీస్తామన్నారు. నేనైతే చీటీ మీద 46 అని పెద్దక్షరాల్లో రాసి, కింద గీత గీసి మరీ హైదరాబాద్ పంపాను. సర్జన్ గారు చూసి మెచ్చుకుంటారని లోపల లోపల ఆశ.

రెండో రోజు మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. కాశీంను రిక్షాలోనే వదిలేసి సైదాబీ ఒక్కతే విసవిసా వార్డులోకి వచ్చింది. ఆ మొహం చూడగానే నాకు అర్థమైంది.

"ఏమైందే?"

"ఏమైతది? తూకం జూసిండు. మంచిగనే ఉన్నది అన్నడు. బయటికి తోల్కపొయ్యి మెట్లెక్కుమన్నడు. రెండంతస్తులెక్కుమంటె ఈయన పది మెట్లెక్కి కూలవడ్డడు. గుండె దడదడదడ కొట్టుకుంటాంది, చెమటలు వట్టినయ్. గా సారు నా దిక్కు జూసి, ఏం పెట్టినవమ్మ ఈయనకు అని అడిగిండు. కోసెడ్ది లేదు పో అన్నడు."

"అట్లెట్ల? నలభై ఆరున్నడు గద?"

అంతే, ఆ పిల్ల అంతెత్తున లేచింది. "నన్నడుగుతవా? నువ్వే గద చెప్పినవ్! మంచం దిగనియ్యకు, కూసోవెట్టి తినవెట్టు అని. మూడు నెలలు చెంబు గూడ నేనే అందిచ్చిన. కాలు కిందవెట్టనియ్యలే. మంచిగ మెత్తగుండాలెనని కొత్త బూరుగు దూదితోని పరుపు కుట్టి పండవెట్టిన. ఇప్పుడు మెట్లెక్కలేదంటె నేనేం జెయ్యాలె? ఆయన కాళ్లు నేనెక్కడికెల్లి తేవాలె?"

వార్డులో ఇరవై ఇద్దరూ చూస్తున్నారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఎవరేమన్నా ఊరుకునే రకం కాదు. కానీ ఆమె అన్నదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. తప్పు నాది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

కాశీంను మళ్లీ వార్డులోనే చేర్చుకున్నాం. మా డాక్టరు గారు సర్జన్ గారి చీటీ చదివి, నా వంక చూసి ఒక్క మాట అన్నారు. "సిస్టర్, ఛాతీ కోసిన మర్నాడు పేషెంటు లేచి కూర్చొని గట్టిగా దగ్గాలి. దగ్గకపోతే కఫం అడ్డం పడి పోతాడు. దగ్గేది కండ. కొవ్వు దగ్గదు."

సిగ్గు పోయాక నాకు కుతూహలం మొదలైంది. ఎనిమిది కిలోలు పెరిగాడు కదా, ఆ ఎనిమిది కిలోలు ఒంట్లో ఎక్కడికి పోయాయి? నీరేమో అని ముందుగా కాలి పిక్క ముందుభాగం వేలితో నొక్కి చూశాను. నీరైతే గుంట పడుతుంది. పడలేదు. అప్పుడు నాకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. అంతకు ముందు కొన్నాళ్లు నేను ఊళ్లల్లో చిన్నపిల్లల డ్యూటీ చేశాను. పిల్ల తిండి తిని పెరుగుతోందా లేదా అని చూడటానికి జబ్బ చుట్టూ రంగుల పట్టీ పెట్టేవాళ్లం. ఎరుపులో ఉంటే ప్రమాదం, ఆకుపచ్చలో ఉంటే పర్వాలేదు. పొట్ట ఉబ్బి ఉన్నా జబ్బ మాత్రం నిజం చెప్తుందని మాకు నేర్పారు. ఆ ముక్క పిల్లలకే గానీ పెద్దవాళ్లకు పనికొస్తుందని నాకెప్పుడూ తట్టలేదు.

దర్జీ టేపు తెప్పించాను. మొదటిరోజు వార్డుకు వేసుకొచ్చిన లాల్చీ తొడిగి చూస్తే పొట్ట దగ్గర బిగుసుకుపోయింది, జబ్బ దగ్గర మాత్రం వదులుగా వేలాడుతోంది. టేపు పెడితే జబ్బ నా మణికట్టుకు కాస్త ఎక్కువంతే. పొట్ట మీద చర్మం వేళ్లతో పట్టుకుంటే దండిగా చేతిలోకొచ్చింది. తొడ పట్టుకుంటే మెత్తగా వేలాడింది. పెరిగిందంతా నడుము చుట్టూ ఉంది, జబ్బలకూ తొడలకూ ఏమీ దక్కలేదు. ఇంకా కరిగాయేమో కూడా. స్టూలు మీద కూర్చోబెట్టి చేతులు ఆనించకుండా లేచి కూర్చోమంటే మూడుసార్లు లేచి, నాలుగోసారి గోడ పట్టుకున్నాడు.

పిడికిలి బలం చూద్దామనిపించింది. దానికి మా దగ్గర మిషనేదీ లేదు. బీపీ చూసే మిషన్ పట్టీని చుట్టలా చుట్టి, కొంచెం గాలి కొట్టి, కాశీం చేతికిచ్చి పిసకమన్నాను. ఎంత గట్టిగా పిసికితే పాదరసం అంత పైకి పోతుంది. తొంభై దాకా పోయి ఆగింది. పక్కనే ఉన్న సైదాబీకి ఇచ్చాను. రెండు వందలు దాటింది.

"ఓయమ్మో! కాశీమన్నా, ఇంట్ల జర జాగ్రత్తగుండు" అన్నాడు పక్క మంచం ముసలాయన. సైదాబీ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. హైదరాబాద్ నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు. ఆ సాయంత్రం దాకా వార్డులో ప్రతివాడూ నాకిమ్మంటే నాకిమ్మని ఆ పట్టీ పిసికాడు. మర్నాడు బీపీ మిషన్ పాడైందని డాక్టరు గారి చేత చీవాట్లు తిన్నాను.

ఈ కొలతలన్నీ నోటుబుక్కులో రాసుకుంటుంటే కాశీం చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు అన్నాడు.

"నర్సమ్మా, ఒక ముచ్చట చెప్త, కోపం జెయ్యకు. మా దందాల గుడ గిట్లనే ఉంటది. దూది కొనెటప్పుడు కొత్తోడు తూకం జూస్తడు. తూకం ఎక్కువ రావాలెనని అమ్మెటోడు నీల్లు చల్లుతడు, గింజ ఇడిసిపెడ్తడు. మా బాపు తూకం జూసెటోడే గాదు. పిడికెడు దూది దీసి, దూది ఏకే విల్లు మీద ఏసి రెండు దెబ్బలు కొట్టెటోడు. పొంగి లేస్తె మంచి దూది. లేవకపోతె ఎంత తూగితె ఏం ఫాయిద?"

"మరి గీ సంగతి తెలిసి గుడ రాళ్లెట్ల వెట్టుకున్నవ్ రా?"

"భయమైతె అన్ని మరుస్తం గద నర్సమ్మా" అన్నాడు.

నోటుబుక్కు మూసేశాను. ఇన్నేళ్లు నర్సుగా చేసి నేను తెలుసుకోనిది, వాళ్ల బాపు దూదిలో చూశాడు.

అప్పుడు తిండి సంగతి కదిలించాను. ఏమేం పెట్టావని సైదాబీని అడిగితే చెప్పుకొచ్చింది. సగ్గుబియ్యం జావ, చక్కెర పాలు, నెయ్యి అన్నం, అరటిపండ్లు, సేమియా. పూటపూటకూ అదే. గుడ్డు? లేదు. మాంసం? లేదు. పప్పు, పల్లీలు? అవీ లేవు.

"ఎందుకు పెట్టలే?"

"రక్తం కక్కెటోనికి వేడి వస్తువలు పెడ్తరా నర్సమ్మా? గుడ్డు వేడి. మాంసం వేడి. వేడికే గద రక్తం వడేది. అన్ని సలువవే పెట్టిన."

ఆమెను ఏమనాలి? మా ఇంట్లో మా అవ్వ అయినా అదే చెప్పేది. కండ కట్టేవన్నీ వేడి కింద పక్కన పెట్టి, కొవ్వు పట్టేవన్నీ చలవ కింద పెట్టింది. దానికి తోడు నేను చెప్పిన మంచం. వేడి చలవ అంతా ఉత్తదే అని వాదించి లాభం లేదని నాకు తెలుసు. బేరం పెట్టాను.

"సరే. గుడ్డు వేడే. తిన్నంక గ్లాసెడు సల్ల తాగిపియ్యి. వేడికి సలువ సరి. ఒప్పుకుంటవా?"

ఆలోచించింది. "నిమ్మకాయ పిండి తాగిపిస్త" అని ఇంకో మెట్టు దిగింది. ఆరోజు నుంచి పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం ముద్దపప్పు, సాయంత్రం నానబెట్టిన పల్లీలు, వారానికి రెండుసార్లు మాంసం. ప్రతి గుడ్డు వెనకాల ఒక గ్లాసు మజ్జిగ.

తరువాత కసరత్తు. డాక్టరు గారు మూడు పనులు చెప్పారు. మంచం కాళ్ల వైపు ఇటుకలు పెట్టి ఎత్తి, బోర్లా పడుకోబెట్టి వీపు మీద తడుతూ కఫం దింపడం. దాన్ని పోశ్చరల్ డ్రైనేజ్ అంటారు. రెండోది, రెండు సీసాలకు రబ్బరు గొట్టం బిగించి ఒకదాంట్లోని నీళ్లు ఇంకోదాంట్లోకి నోటితో ఊదడం. మూడోది నడక. మొదటి రెండూ బాగానే సాగాయి. నడవమంటే మాత్రం కాశీంకు విసుగు. వరండాలో రెండు చుట్లు తిరిగి కూర్చునేవాడు.

"ఉత్తగ నడిస్తె పిచ్చోని లెక్క అనిపిస్తది. నా విల్లు దెప్పియ్యి నర్సమ్మా" అన్నాడొకరోజు.

"దూది దుమ్ము నీ దరిదాపుల గూడ ఉండొద్దు. పానం మీదికి తెచ్చుకుంటవా?"

"దూదెందుకు? ఖాళీ విల్లు కొడ్త."

సైదాబీ బస్సు మీద వేసుకొని తెచ్చింది. నిలువెత్తు విల్లు. నేను లేపబోతే నడుము పట్టేసినట్టయింది. ఎడమ చేత్తో దాన్ని నేలకు తాకకుండా పట్టుకొని, కుడిచేత్తో కట్టెతో నారిని కొట్టాలి. జబ్బలు, భుజాలు, వీపు, కాళ్లు అన్నీ పని చెయ్యాలి. మొదటిరోజు వరండా చివర నిలబడి తొమ్మిది దెబ్బలు కొట్టి కూర్చుండిపోయాడు. నోటుబుక్కులో 9 అని రాశాను. వారానికి ముప్పై. ఇంకో వారానికి డెబ్బై. దూది లేకుండా ఆ విల్లు టుంగు టుంగుమని మోగుతుంటే పక్కనున్న ప్రసూతి వార్డు నుంచి బాలింతల తాలూకు ఆడవాళ్లొచ్చి, "గిక్కడ పరుపులు కుడ్తరా?" అని అడిగిపోయేవాళ్లు.

నెల తిరిగాక ఒక పొద్దున వందో దెబ్బ దగ్గరున్నాడు. ఆగి దగ్గాడు. గిన్నె అందించేలోపే రక్తం. చిన్న గ్లాసెడు ఉంటుంది. పాడైన వైపు కిందికి వచ్చేటట్టు పడుకోబెట్టి, ఇంజెక్షన్ ఇచ్చి, చెయ్యి పట్టుకొని కూర్చున్నాను. గంటకు ఆగింది.

సైదాబీ గుమ్మం దగ్గర కూలబడింది. "గుడ్లు తినవెట్టిస్తివి, విల్లు కొట్టిపిస్తివి. ఒకసారి పండవెట్టి చంపబోతివి, ఇప్పుడు లేపి చంపుతవా?"

నాకు ఏడుపొచ్చింది. డాక్టరు గారి గదికి పోయి, అంతా ఆపేద్దాం సార్ అన్నాను. ఆయన ఎక్స్‌రే మళ్లీ చూశారు. "ఇది గుడ్డు వల్లా కాదు, విల్లు వల్లా కాదు. ఆ ముక్క అక్కడ ఉన్నన్నాళ్లూ వస్తూనే ఉంటుంది. మూడు నెలలు మంచం మీద ఉన్నప్పుడు రాలేదా?" వచ్చింది, రెండుసార్లు. నా నోటుబుక్కులోనే ఉంది. "పది రోజులు ఆపండి. తరువాత మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టండి. మనకు టైం తక్కువుంది సిస్టర్."

ఆ పది రోజులూ సైదాబీ నాతో మాట్లాడలేదు. పదకొండో రోజు పొద్దున నేను డ్యూటీకి వస్తుంటే వరండాలోంచి టుంగుమని వినిపించింది. కాశీం కొడుతున్నాడు. పక్కన సైదాబీ నిలబడి లెక్కపెడుతోంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది గానీ లెక్క ఆపలేదు.

ఎండాకాలం ముదిరేసరికి రెండు వందల దెబ్బలకు వచ్చాడు. స్టూలు మీది నుంచి పద్దెనిమిదిసార్లు లేస్తున్నాడు. దవాఖాన మిద్దె మీదికి పోయే మెట్లు రోజూ నాలుగుసార్లు ఎక్కి దిగుతున్నాడు. జబ్బ టేపు మీద వేలి మందం పెరిగింది. నడుము రెండంగుళాలు తగ్గింది. బరువు మాత్రం సోమవారం సోమవారం కిందికి జారింది. నలభై ఐదున్నర. నలభై ఐదు. హైదరాబాద్ పోయే ముందు రోజు మిషన్ ఎక్కిస్తే నలభై నాలుగు.

మిషన్ కిర్రుమంది. సైదాబీ ముల్లు వంక చూసి తెల్లబోయింది. "నలభై ఐదు గావాలెనన్నడు గద నర్సమ్మా. కిలో తక్కువుంది."

"ఏం గాదు పిల్లా. మనిషిని జూస్తడు గని ముల్లును జూస్తడా?" అన్నాను. అన్నాను గానీ చీటీలో ఆయన రాసింది నలభై ఐదే. ఈసారి నేను సెలవు పెట్టి వాళ్లతో బయలుదేరాను. ఏమన్నా తిట్లు పడితే నేనే పడాలి.

హైదరాబాద్‌లో సర్జన్ గారు పొట్టి మనిషి, వేగంగా మాట్లాడతారు. నా నోటుబుక్కు తీసి ఇస్తే నిలబడే తిరగేశారు. విల్లు దెబ్బల లెక్క దగ్గర ఆగి, "ఇదేంటి?" అని అడిగారు. చెప్పాను. నవ్వలేదు. "తూకం చూడండి" అన్నారు.

కాశీం ఎక్కాడు. ముల్లు నలభై ఆరు దగ్గర ఆగింది.

నిన్న నలభై నాలుగు, ఇవాళ నలభై ఆరు? మా మిషన్ ముసలిదని సరిపెట్టుకుందామనుకున్నాను. సైదాబీ వంక చూస్తే గోడ మీది క్యాలెండర్ చదువుతోంది. ఆమెకు చదువు రాదు.

నేను ఏదో అనేలోపే సర్జన్ గారు "పద మెట్ల దగ్గరికి" అని బయలుదేరారు. కాశీం ముందు, ఆయన వెనక, వాళ్ల వెనక నేనూ సైదాబీ. మొదటి అంతస్తు ఆగకుండా ఎక్కాడు. ఇదివరకు కూలబడ్డ పదో మెట్టును నేను లెక్కపెట్టుకున్నాను, అతను మాత్రం దాన్ని చూసుకోనేలేదు. రెండో అంతస్తు. "ఇంకోటి ఎక్కుతావా?" అన్నారు సర్జన్ గారు, తనే రొప్పుతూ. కాశీం తలూపి ఎక్కాడు. మూడో అంతస్తు చివరి మెట్టు మీద కాలు పెట్టాడు. ధన్‌మని ఏదో పడింది. మెట్ల మీద నుంచి దొర్లుకుంటూ వచ్చి సర్జన్ గారి బూటు దగ్గర ఆగింది.

రెండు కిలోల తూకం రాయి. కిలో రాయి, అరకిలో రాయి నా సొరుగులో ఉన్నాయి గదా. దుకాణంలో మిగిలింది అదొక్కటే. సైదాబీ దాన్ని గుడ్డలో మూటగట్టి, లాల్చీ లోపల నడుముకు కట్టి పంపింది.

సర్జన్ గారు వంగి రాయిని చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పారు. నా కింది మెట్టు మీద నిలబడ్డ సైదాబీ రెండు చేతులూ జోడించింది. "తప్పు నాదే సారు. ఆయనది గాదు. కిలో తక్కువున్నదని నేనే కట్టిన. నా మొహం జూసి ఇడిసిపెట్టున్రి."

సర్జన్ గారు కాశీం మణికట్టు పట్టుకొని గడియారం చూశారు. ఒక నిమిషం. నా ఉద్యోగంలో అంత పొడుగు నిమిషం ఇంకోటి లేదు. చెయ్యి వదిలి నా వైపు తిరిగారు.

"ఈయన బరువెంత సిస్టర్? నిజం చెప్పండి."

"నలభై నాలుగు సార్."

"నలభై నాలుగు కిలోల మనిషి రెండు కిలోల ఇనుము మోసుకొని మూడంతస్తులు ఎక్కాడు. గురువారం తెచ్చి చేర్పించండి" అని రాయిని నా చేతిలో పెట్టి దిగిపోయారు.

సైదాబీ మెట్ల మీదే కూర్చొని భోరున ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడం దేనికి. కాశీం ఒక్కడే నవ్వుతూ నిలబడ్డాడు, లాల్చీ కింద జారిపోయిన గుడ్డను లోపలికి దోపుకుంటూ.

ఆపరేషన్ మర్నాడు లేచి కూర్చొని, ఎడమ పక్కన దిండు అదుముకొని, కుట్లు తెగుతాయేమోనని పక్కవాళ్లు భయపడేంత గట్టిగా దగ్గాడట. సైదాబీ చెప్పింది. నెలకు మా వార్డుకు వచ్చారు. రిక్షా చప్పుడు వినపడలేదే అనుకుంటే, బస్టాండు నుంచి నడిచే వచ్చారట. అలవాటు కొద్దీ తిన్నగా పోయి మిషన్ ఎక్కబోయాడు. "దిగు తమ్మీ. ఇగ దానితోని నీకేం పని?" అన్నాను. దూది ఏకే పని మళ్లీ చెయ్యలేదు. ఏకిన దూది తెప్పించి పరుపులు కుట్టడం వరకే పెట్టుకున్నాడు. సొరుగులోని రాళ్లు తీసుకుపొమ్మంటే, రెండు కిలోలది మాత్రం నా దగ్గరే ఉంచమన్నాడు.

ఇప్పుడు ఊపిరితిత్తులనే మార్చే రోజులొచ్చాయి. మా మేనకోడలు అలాంటి చోట ఫిజియోథెరపిస్టు. వంతు కోసం ఎదురుచూసేవాళ్ల ఒంట్లో కొవ్వెంత, కండెంత అని విడివిడిగా చూస్తారనీ, నడిపించి, కుర్చీలోంచి లేపి, పిడికిలి పట్టించి చూస్తారనీ, బొద్దుగా కనిపించేవాళ్లలోనూ లోపల కండ కరిగి డొల్లయినవాళ్లుంటారనీ చెప్పింది. పిడికిలి బలం చూసే మిషన్ ఫోటో కూడా చూపించింది. చక్కగా ఉంది. బీపీ పట్టీ పాడుచేసుకోనక్కర్లేదు.

నేను ఆ వార్డులో ఇంకో పన్నెండేళ్లు పని చేశాను. సోమవారం బరువులు రాయడం మానలేదు. టీబీ పేషెంట్లకు అది కావాలి. కానీ ఆపరేషన్ కోసం ఎదురుచూసేవాళ్లు మిషన్ దిగి, "రెండు కిలోలు పెరిగిన నర్సమ్మా" అని సంబరంగా చెప్పినప్పుడు, నేనూ సంబరపడి, టేబుల్ మీదున్న కాశీం సాబ్ తూకం రాయిని వాళ్ల వైపు జరిపేదాన్ని.

"మంచిది బిడ్డా. ఇగ గిది లేపు, జూస్త."